1977లో నంద్యాల ఒక్కటే ఎందుకు ఎదురు తిరిగింది?

ఉత్తరాది అంతా ఇందిరమ్మను గద్దె దింపిన 1977లో ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లకు 41 కాంగ్రెస్‌కే పోయాయి, నంద్యాల ఒక్కటే ఎట్లా తప్పింది అని అడిగారు. నాది నంద్యాల పక్క పల్లె, అప్పుడది కర్నూలు జిల్లా. నా మొదటి ఓటు ఆ ఎన్నికలోనే. అప్పట్లో 21 నిండితే గానీ ఓటు లేదు.

నంద్యాల ఫలితాన్ని ఎమర్జెన్సీ మీద తీర్పుగా రాసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. మా ఊళ్లో పడింది జనతా పార్టీ తరఫున నిలబడిన నీలం సంజీవరెడ్డికి ఓటు, అంతే. అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి. కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు ఉప ముఖ్యమంత్రి, 1956లో ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి. 1969లో కాంగ్రెస్ తరఫున రాష్ట్రపతి పదవికి నిలబడితే ఇందిరమ్మ పార్టీ అభ్యర్థికని కాదు, అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటెయ్యండి అనింది, పోటీలో ఉన్న వి.వి. గిరి గెలిచాడు. "మనోనికి అన్యాయం చేసిరి" అని మా నాయన 77లో కూడా అంటానే ఉన్నాడు. జనతా అంటే ఏందో, అందులో ఎవరెవరు కలిసినారో ఆయనకు అక్కర్లేదు.

అందరూ అట్లే అనుకోవద్దు. బూత్ మా ఊరి బడిలో. మా వెనకింటి అవ్వ బ్యాలెట్ కాగితం పట్టుకుని, "ఆవూ దూడా యాడుందో చూపీయప్పా" అని ఆఫీసర్ని గట్టిగా అడిగింది. అప్పుడు కాంగ్రెస్ గుర్తు అదే. ఏజెంట్లు పకపకా నవ్వినారు. "చెప్పకూడదవ్వా, నువ్వే చూసుకో" అంటే, "చెప్పకుంటే పో, గోమాత నాకు కనపడదా" అని రబ్బరు ముద్ర తీసుకుని అట్ట చాటుకు పోయింది. ఆ ఏడాదికి ముందే ఆమెకు ఇంటి స్థలం పట్టా వచ్చింది. పసుపు గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున దాచుకుంది. పత్రికలకు సెన్సార్ పెట్టారని చెప్తే ఆమెకు ఏం పట్టుద్ది?

మిగతా 41 సీట్ల సంగతి నాకు ఆ పెట్టెలోనే కనిపిస్తుంది. బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల భయం ఉత్తరాది పల్లెల్ని కుదిపేసినంతగా మా వైపు కుదపలేదు. పేదల కోసమని ఇందిరమ్మ పెట్టిన ఇరవై సూత్రాల పథకం పేరు మాత్రం గడప దాకా వచ్చింది. రాయ్‌బరేలీలో ఇందిరమ్మ 55 వేల చిల్లర ఓట్లతో ఓడిందని రేడియోలో చెప్తే మా రచ్చబండ దగ్గర సగం మంది నమ్మలేదు. సంజీవరెడ్డి ముందు స్పీకరయ్యాడు, అదే జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యాడు. మా నాయన కోపం అప్పుడు తీరింది.

దేశం గాలి ఒక దిక్కు, మన గాలి ఒక దిక్కు అనేది 77తో ఆగలేదు లెండి. 1984లో దేశమంతా రాజీవ్ వైపు ఊగితే ఇక్కడ తెలుగుదేశం 30 సీట్లు గెలిచి లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షమైంది. 89లో ఢిల్లీలో రాజీవ్ దిగిపోతే, ఎన్టీఆర్ మీద విసుగుతో మనోళ్లు కాంగ్రెస్‌కు 39 ఇచ్చారు. మార్పు కోరుకోలేదని కాదు. ఏది మారాలో హైదరాబాద్ వైపు చూసి తేల్చుకున్నారు.

నంద్యాల మాత్రం మళ్లీ మనిషినే చూసింది. 1991 ఉప ఎన్నికలో పీవీ నిలబడితే, తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ పోటీయే పెట్టలేదు. మెజారిటీ 5 లక్షలు దాటింది. అంతకుముందు ఎవరి పార్టీని తిట్టుకున్నామో ఆ రోజు లైన్లో ఎవరికీ గుర్తు లేదు, నాతో సహా.