నర్సింగ్ చదివిన అమ్మాయి డిజిటల్ ఆరోగ్య రంగంలోకి ఎలా వెళ్లాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదివి, రెండేళ్లుగా పాడేరు ఏజెన్సీలో ఒక ఉపకేంద్రంలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌గా కాంట్రాక్టు పద్ధతిలో పనిచేస్తోంది. ఉద్యోగం మానేసి, హైదరాబాద్‌లో కోడింగ్ నేర్చుకుని డిజిటల్ హెల్త్ వైపు వెళ్తానంటోంది. పంపమంటారా? (ఒక తండ్రి, అనకాపల్లి)

జవాబు: ఆమె ఎంచుకున్న రంగం మంచిదే. అయితే ఉద్యోగం మాని, కోడింగ్‌తో మొదలుపెట్టడం సరైన దారి కాదని నా అభిప్రాయం.

2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలయ్యాక, ఒక్కో వ్యక్తికి ఇచ్చే 14 అంకెల ఆరోగ్య గుర్తింపు సంఖ్య అయిన ఆభా నంబరు ఆధారంగా, రోగి అనుమతితో, ఆరోగ్య రికార్డులు ఒక ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికి చేరే ఏర్పాటు వచ్చింది. ఉపకేంద్రంలో కూర్చున్న రోగిని ప్రభుత్వ టెలివైద్య సేవ ఈ-సంజీవని ద్వారా దూరాన ఉన్న డాక్టరు చూడగలుగుతున్నారు. వీటికి ప్రోగ్రాములు రాసేవారు దొరుకుతారు. గర్భిణి వివరాలను రిజిస్టరులో ఒకసారి, ట్యాబ్‌లో మరోసారి రాయవలసి వచ్చినప్పుడు ఏఎన్ఎం ఏం చేస్తుందో, ఓటీపీ వచ్చే ఫోను పనికి వెళ్లిన భర్త జేబులో ఉంటే ఆభా నమోదు ఎక్కడ ఆగిపోతుందో తెలిసినవారే అరుదు. ఒక్క ఉదాహరణ చెప్తాను. ముప్పై ఏళ్లు దాటినవారికి చేసే పరీక్షల్లో బీపీ గడి నింపనిదే తెర ముందుకు కదలకపోతే, యంత్రం పాడైన రోజున కొలవకుండానే 120/80 అని రాసేసే అవకాశం ఉంటుంది. జిల్లా సమీక్షలో ఆ ఊరంతా ఆరోగ్యంగా కనిపిస్తుంది. అధిక రక్తపోటు ఉన్న మనిషికి మందు అందదు. ‘కొలవలేదు, కారణం ఇది’ అని నమోదు చేసే వీలు కల్పించాలన్న నిర్ణయం సాంకేతికమైనది కాదు, పాలనకు సంబంధించినది. ఆ మాట చెప్పే అర్హత మీ అమ్మాయికి ఇప్పటికే ఉంది.

అందువల్ల ఉద్యోగంలో ఉంటూనే ఎక్సెల్, ఆపైన డేటాబేసుల నుంచి సమాచారం రాబట్టే భాష ఎస్‌క్యూఎల్ నేర్చుకోమనండి. తర్వాత డీహెచ్ఐఎస్2 చూడాలి. ఆరోగ్య సమాచారాన్ని సేకరించి విశ్లేషించడానికి నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయం నడిపించే ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఎన్నో దేశాల ఆరోగ్య శాఖలు వాడుతున్నాయి. దీని వెనుక ఉన్న హిస్ప్ బృందం మన దేశంలో తొలి ప్రయత్నాలు చేసినది మన కుప్పం పీహెచ్‌సీలలోనే అన్నది నాకు ఎంతో ఇష్టమైన విషయం. ఒక కంప్యూటర్ వ్యవస్థ నుంచి మరొకదానికి రికార్డుల మార్పిడికి వాడే ఫైర్ (FHIR) ప్రమాణం, వ్యాధుల పేర్లను ఒకే తీరున నమోదు చేసే స్నోమెడ్ సీటీ, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించి కనీస అవగాహన ఉండాలి.

ఆ తర్వాతే పీజీ. ప్రజారోగ్యంలో ఎంపీహెచ్ కోర్సు హైదరాబాద్‌లోని ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్)లో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉంది. నర్సింగ్ డిగ్రీ ఉన్నవారికి అర్హత ఉందా అన్నదీ, ఫీజు వివరాలనూ ఆ ఏటి ప్రకటనలో సరిచూసుకోండి. చదువు ముగిశాక జాతీయ ఆరోగ్య మిషన్ కార్యాలయాల్లో, ఆరోగ్య కార్యక్రమాలు నడిపే స్వచ్ఛంద సంస్థల్లో, ఆరోగ్య సాఫ్ట్‌వేర్ సంస్థల్లో ప్రయత్నించవచ్చు. ఈ రంగంలోని ప్రభుత్వ పోస్టుల్లో చాలావరకు కాంట్రాక్టువే కాబట్టి, స్థిరత్వం గురించి మీకు బెంగ ఉంటే అది అర్థం చేసుకోదగినదే.

ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. సాధన కోసమని తన ఉపకేంద్రంలోని రోగుల వివరాలను సొంత ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకోకూడదు, పేర్లు తీసేసినా సరే. చిన్న గూడెంలో వయసు, జబ్బు చెబితే మనిషి ఎవరో తెలిసిపోతుంది. డీహెచ్ఐఎస్2 వారే అభ్యాసం కోసం నమూనా డేటాను ఉచితంగా ఇస్తున్నారు, దానితో మొదలుపెట్టమనండి.