పటాలున్న కొండలకే మళ్లీ పటం ఎందుకు?

ప్రశ్న: భూగర్భశాస్త్రంలో డిగ్రీ పూర్తిచేశాను. స్కాట్లాండ్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. అక్కడి వాయవ్య హైలాండ్స్‌లో వారాల తరబడి కొండల్లో తిరిగి, ఏ శిల ఎక్కడుందో చూపే భూగర్భ పటం గీయాలట. నూరేళ్ల కిందటే పటాలు తయారైన చోట విద్యార్థుల చేత మళ్లీ గీయించడం వల్ల ప్రయోజనం ఏమిటి? అక్కడ చదివినవారిగా, ఆ పని ఎలా ఉంటుందో కూడా చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ సందేహానికి జవాబు ఆ కొండల చరిత్రలోనే ఉంది. నాకన్ క్రాగ్ అనే చోట సుమారు 50 కోట్ల ఏళ్ల నాటి సున్నపురాయి మీద, దానికంటే ఎంతో పాతదైన మోయిన్ షిస్టు (వేడికీ ఒత్తిడికీ మారి రేకులుగా విడిపోయే రాయి) పరుచుకుని ఉంటుంది. పైపొర ఎప్పుడూ కిందిపొరకంటే కొత్తదే అన్న సూత్రాన్ని పట్టుకుని, అక్కడి పొరలన్నీ వరుసగా ఏర్పడినవేనని పంతొమ్మిదో శతాబ్దపు భూగర్భ శాస్త్రవేత్త రోడరిక్ మర్చిసన్ వాదించాడు. మరో శాస్త్రవేత్త జేమ్స్ నికోల్ కాదన్నాడు గానీ, పదవీ పలుకుబడీ ఉన్న మర్చిసన్ మాటే చాలాకాలం చెల్లింది. 1880లలో చార్లెస్ లాప్‌వర్త్, ఆ వెంటనే ప్రభుత్వ సర్వే తరఫున బెన్ పీచ్, జాన్ హార్న్ ఆ నేలను గుట్టగుట్టా తిరిగి పటం గీసిన తర్వాతే, పాత శిలలు థ్రస్ట్ తలాల (నేల ఒత్తిడికి విరిగి, ఒక భాగం మరోదాని పైకి జారే ఏటవాలు పగుళ్ల) మీదుగా కొత్తవాటి పైకి నెట్టుకువచ్చాయని తేలింది. సర్వే బృందం వివరమైన గ్రంథం 1907లో వెలువడింది.

విద్యార్థి అక్కడ కొత్త సంగతి కనిపెట్టాలని ఎవరూ ఆశించరు. మర్చిసన్‌లా పొరబడకుండా, కంటికి కనిపించినదాన్నీ, మనం ఊహించినదాన్నీ విడివిడిగా నమోదు చేయడం నేర్చుకోవాలనే పంపుతారు. అందుకే పటంలో రాయి బయటపడిన చోటును గట్టిగా రంగు వేసి చూపిస్తారు. పీట్ (కుళ్లిన మొక్కలతో ఏర్పడిన తడినేల) కింద ఉండి ఉంటుందనుకున్న సరిహద్దును తెగిన గీతతోనే గీయాలి. మనవైపూ క్షేత్రపర్యటనలు లేకపోలేదు గానీ, అధ్యాపకుడు చూపించినదాన్ని బృందంగా రాసుకోవడమే ఎక్కువని నా అభిప్రాయం.

వాయవ్య హైలాండ్స్‌లోనే ఉన్న అసింట్ ప్రాంతంలో మీకు త్వరగా పరిచయమయ్యేది పైప్ రాక్. ఇది తెల్లటి క్వార్ట్‌జైట్, అంటే ఇసుక గట్టిపడి ఏర్పడిన రాయి. కేంబ్రియన్ అనే అతి ప్రాచీన యుగపు సముద్రపు ఇసుకలో జీవులు నిలువుగా తొలిచిన బొరియలు పొర ఉపరితలం మీద గుండ్రటి చుక్కల్లాగా, పక్కనుంచి చూస్తే గొట్టాల్లాగా కనిపిస్తాయి. దాని మీద గోధుమరంగు ఫ్యూకాయిడ్ పొరలు, ఆపైన సాల్టరెల్లా గ్రిట్ అనే గరుకు ఇసుకరాయి, ఆపైన సున్నపురాయి రావాలి. వాలు ఎక్కుతూ ఈ వరుసను సాఫీగా గీసుకుంటూ పోతుండగా పైన మళ్లీ పైప్ రాకే ఎదురైతే, మధ్యలో ఎక్కడో థ్రస్ట్ దాటి వచ్చామన్నమాట. వెనక్కి దిగి దాని ఆనవాలు వెతకాలి. అక్కడ గడ్డి కూడా సాక్ష్యం చెబుతుంది: సున్నపురాయి మీద పచ్చగా పొట్టిగా ఉండే గడ్డి, క్వార్ట్‌జైట్ దగ్గరికి వచ్చేసరికి ముదురురంగు హెదర్ అనే పొట్టి పొదలకు చోటిస్తుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే సున్నపురాయి వెంటనే నురగలు కక్కుతుంది; దాన్ని పోలిన డోలమైట్ అయితే గీకి పొడి చేస్తే తప్ప అంతగా స్పందించదు. ఎగుడుదిగుడు పొర మీద నోటుపుస్తకం ఆనించి దాని మీద క్లినోమీటర్ (దిక్సూచితో కూడిన, కోణం కొలిచే పరికరం) పెట్టి ఆ పొర వాలు కొలవండి. ఆ సమయంలో సుత్తిని దూరంగా ఉంచకపోతే దిక్సూచి ముల్లు పక్కకు తిరుగుతుంది. నాకన్ క్రాగ్ వంటి రక్షిత స్థలాల్లో అసలు సుత్తి వాడకూడదు.

కష్టాలంటారా, వాన ఆగదు, బురదనేల బూటును లాగేస్తుంది. వీటికంటే మిడ్జ్ అనే చిన్న దోమలు ఎక్కువ విసిగిస్తాయి, కాబట్టి తలకు వల తప్పనిసరి. పిడుదుపురుగుల వల్ల లైమ్ వ్యాధి రావచ్చు గనుక సాయంత్రం ఒళ్లంతా చూసుకోవాలి. స్కాట్లాండ్ 2003 భూసంస్కరణ చట్టం ప్రకారం బాధ్యతగా మసలుకునేవారు కొండల్లో ఎక్కడైనా తిరగవచ్చు. జింకల వేట కాలంలో మాత్రం భూయజమానులను ముందుగా సంప్రదించడం మంచిది.

మీరు తిరుపతివారు కావడం కలిసివచ్చే విషయం. తిరుమల ఘాట్‌రోడ్డు వద్ద పాత గ్రానైటు శిలల మీద నగరి క్వార్ట్‌జైట్ కూర్చున్న ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీని (మధ్యలో చాలా కాలం లోపించిన రెండు శిలల సరిహద్దును) జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. అసింట్‌లో లూయీషియన్ నైస్ అనే అతి పాత శిల మీద, దానికంటే కొత్తదైన టొరిడోనియన్ ఇసుకరాయి ఉండే తీరు కూడా అలాంటిదే. బయలుదేరేలోపు ఆ సరిహద్దును ఒకసారి శ్రద్ధగా చూసి, కనిపించినంతవరకే బొమ్మ గీయండి. బూట్లు కూడా ముందే కొని, కొన్నాళ్లు తొడుక్కుని నడవండి.