గ్యాస్ బండ మీద ‘బి-27’ అని ఉంటే అది గ్యాస్ ఎక్స్‌పైరీ తేదీయా?

కాదు, అది ఆ బండకు మళ్లీ పరీక్ష చేయించాల్సిన గడువు. పైనున్న రింగును పట్టి ఉంచే మూడు నిలువు పట్టీల్లో ఒకదాని లోపలివైపు చూస్తే కనిపిస్తుంది. ఏ అంటే జనవరి–మార్చి, బి ఏప్రిల్–జూన్, సి జులై–సెప్టెంబర్, డి అక్టోబర్–డిసెంబర్. పక్కన ఉన్న అంకె సంవత్సరం.

బండ ఉక్కుది. దొర్లించి, ఎత్తేసి, తడి నేల మీద పెట్టి వాడతాం కాబట్టి సొట్టలు పడుతుంది, అడుగున తుప్పు పడుతుంది. అందుకే కొత్త బండకు పదేళ్లకు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి పరీక్ష తప్పనిసరి. అందులో ముఖ్యమైనది నీటి పరీక్ష: బండను నీళ్లతో నింపి ఒత్తిడి పెంచుతారు. గాలిలా నీళ్లు నొక్కుకుపోవు కాబట్టి బండ చీలినా పెద్దగా పేలదు. ఇది నిజంగా తెలివైన పద్ధతి.

ఉదాహరణకు, హనుమకొండలో మీ ఇంటికి 2027 ఆగస్టులో ‘బి-27’ బండ వచ్చిందనుకోండి. దాని గడువు జూన్‌తోనే అయిపోయింది. తీసుకోకండి, అక్కడికక్కడే వేరేది అడగండి.

ఆ తేదీ దాటితే గ్యాస్ పాడవుతుందనీ, బండ పేలిపోతుందనీ చాలామంది టెన్షన్ పడతారు. ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఈ గ్యాస్ బండలో ఉన్నంత మాత్రాన చెడిపోదు. గడువు దాటిన బండను పరీక్ష చేయకుండా మళ్లీ నింపకూడదన్నదే రూల్.