గాయం మానినా వేలి చివరి కణుపు ఎందుకు వంగదు?

కత్తిపీట మీద చేపలు కోస్తుండగా చూపుడు వేలు తెగిందనీ, కుట్లు విప్పాక గాయం మానినా చివరి కణుపు వంగడం లేదనీ, అది దానంతట అదే సర్దుకుంటుందా అనీ అడిగారు. సర్దుకోదండి. దయచేసి ఈ ఒకటి రెండు రోజుల్లోనే చేతి ఆపరేషన్లు చేసే ప్లాస్టిక్ సర్జన్‌కు గానీ ఎముకల డాక్టరుకు గానీ చూపించండి.

ఇక్కడ విశాఖలో, ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు కోసి ఇచ్చే మా పెద్దమ్మకు అచ్చం ఇలాగే జరిగింది కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను. వేళ్లను ముడిచే ప్రధాన కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. ముంజేతి లోపలి వైపు, మోచేతికి కాస్త కింద రెండో చేత్తో పట్టుకుని పిడికిలి బిగిస్తే ఆ కండ కదలడం మీకే తెలుస్తుంది. అక్కడి నుంచి టెండాన్లనే తెల్లని గట్టి తాళ్లు మణికట్టు గుండా వేళ్లలోకి వస్తాయి. బొటనవేలికి తప్ప మిగతా వేళ్లకు సాధారణంగా ఇవి రెండేసి ఉంటాయి. పైపొర కండరపు టెండాన్ రెండుగా చీలి నడిమి కణుపును వంచితే, లోపొర కండరానిది ఆ చీలికలోంచి దూరి కొస ఎముక దాకా వెళ్లి చివరి కణుపును వంచుతుంది. మీకు తెగింది ఈ రెండోదే అయి ఉండవచ్చు. పూర్తిగా తెగితే పైభాగాన్ని కండరం తన వైపు లాగేసుకుంటుంది కాబట్టి, చర్మం ఎంత చక్కగా అతుక్కున్నా లోపలి కొసలు ఒకదాన్నొకటి అందుకోలేవు. వారాలు గడిచేకొద్దీ కండరం కురచబడి, టెండాన్ జారే గొట్టం మూసుకుపోయి, నేరుగా కుట్టే వీలు లేక మరోచోటి టెండాన్ తెచ్చి వేయవలసి రావచ్చు.

వేలు మొదట్లోనూ నడుమనా వంగుతోంది కదా అని ధైర్యపడకండి, ఆ పని వేరే కండరాలు చేస్తాయి. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రిలో) డాక్టరు పెద్దమ్మ నడిమి కణుపును నిటారుగా పట్టుకుని కొసను మాత్రమే వంచమన్నారు, అది కదలలేదు. తర్వాత ఆమె మణికట్టును వెనక్కి వంచితే మిగతా వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి గానీ ఆ కొస మాత్రం నిక్కినట్టే ఉండిపోయింది. మీ వేలికి ఒక పక్క స్పర్శ తగ్గి ఉంటే నరం కూడా తెగిందేమో చూడాలి కనుక అదీ చెప్పండి.

ఆపరేషన్ ఎంత ముఖ్యమో ఆ తర్వాతి ఫిజియోథెరపీ అంతే ముఖ్యం. దాదాపు 6 వారాలు చేతి వెనుక స్ప్లింట్ అనే గట్టి ఆధారపు పట్టీ ఉంటుంది. కదలించకపోతే టెండాన్ చుట్టుపక్కలకు అంటుకుపోతుంది, బలం పెడితే కుట్టు తెగుతుంది. అందుకే వాళ్లు నేర్పినట్టు, నేర్పినంతే కదిలించాలి. బరువులు ఎత్తడానికి సుమారు 12 వారాలు ఆగమంటారు. పెద్దమ్మ వేలి కొస ఇప్పుడు పూర్తిగా అరచేతికి తగలదు, కానీ కత్తిపీట మీద చేపను గట్టిగా పట్టుకునేంత వంగుతోంది.