పీపీఎఫ్ కొటేషన్‌లో కారు పెయింట్ ప్రిపరేషన్ 18 వేలు కొట్టేయాలా?

ప్రశ్న: సార్, మాది నిజాంపేట. కారు కొని 7 నెలలైంది, లోన్ ఈఎంఐ 17,650. చేతికొచ్చే జీతం 62 వేలు, అద్దె 16 వేలు, అన్నీ పోను నెలకి 8, 9 వేలు మిగులుతాయి. ఎఫ్‌డీలో లక్షన్నర ఉంది. కారుకి ఫుల్ బాడీ పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్, గీతలు పడకుండా పెయింట్ మీద అంటించే పారదర్శక ప్లాస్టిక్ పొర) వేయిద్దామని ఒక స్టూడియోలో అడిగితే ఫిల్మ్‌కి 1,20,000, పెయింట్ ప్రిపరేషన్‌కి 18,000, మొత్తం 1,38,000 అన్నారు. ఫ్రంట్ వరకే అయితే ఫిల్మ్ 42,000. ఇంకో షాపు వాళ్ళేమో ప్రిపరేషన్ అంతా ఉత్త లాగుడు, మేం వాష్ కొట్టి డైరెక్ట్‌గా అంటించేస్తాం, 95 వేలివ్వండి చాలు అంటున్నారు. షోరూమ్‌లో ఆల్రెడీ 15 వేలు పెట్టి సెరామిక్ కోటింగ్ చేయించా. పది రోజుల కింద బంపర్‌కి గీత పడితే పెయింట్ కూడా వేయించా. ఇప్పుడు ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా, కార్డ్ మీద 16 శాతానికి 24 నెలల ఈఎంఐ పెట్టాలా? ఇన్సూరెన్స్ ఉందిగా, ఇదంతా దేనికి అని మా ఆవిడ అడుగుతోంది.

జవాబు: ముందే చెప్పేస్తా, రెండూ వద్దు. ఎఫ్‌డీ ముట్టుకోవద్దు, కార్డ్ అసలే వద్దు. కానీ మీరు ఏ 18 వేలైతే కొట్టేద్దామని చూస్తున్నారో, ఆ కొటేషన్ మొత్తంలో పూర్తిగా కొట్టేయకూడనిది అదొక్కటే. తగ్గించుకోవాల్సింది ఫిల్మ్‌ని.

ఎందుకంటే ఫిల్మ్ దేన్నీ దాచదు, కింద ఏముంటే దాన్ని అలాగే పట్టుకుని కూర్చుంటుంది. మీకు డౌటుంటే రేపు పొద్దున్నే కారు శుభ్రంగా కడిగి, ఆరాక, పల్చటి ప్లాస్టిక్ కవర్ ఒకటి చేతికి తొడుక్కుని బానెట్ మీద మెల్లగా జరపండి. ఉత్త చేత్తో నున్నగా అనిపించిన చోటే ఇసక రుద్దుతున్నట్టు గరగరలాడుతుంది. అది బ్రేక్ ప్యాడ్ల నుంచి వచ్చే ఇనుప పొడి, రోడ్డు తారు, చెట్ల జిగురు, మన ఏరియాలో అయితే కన్‌స్ట్రక్షన్ సిమెంట్ దుమ్ము, దానికి తోడు బోరు నీళ్ళతో కడిగితే పడే తెల్ల మచ్చలు. ఇవి షాంపూ వాష్‌తో పోవు. ఇనుప పొడికి వేరే కెమికల్ కొడతారు, అది పొడితో కలిసి ఊదా రంగులో కారుతుంది, మొదటిసారి చూసినోళ్ళు పెయింటే పోతోందేమో అని కంగారు పడతారు. తర్వాత తారుకి రిమూవర్, ఆ తర్వాత క్లే బార్‌తో (మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద) రుద్దుతారు, చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి వ్యాక్స్, సిలికాన్, పాలిష్ జిడ్డు ఏదీ లేకుండా చేస్తారు. ఈ ఆఖరి పని అంచుల దగ్గర సరిగ్గా చేయకపోతే కొన్ని నెలలకే ఫిల్మ్ అంచులు లేస్తాయి, లేచిన చోట దుమ్ము పట్టి నల్ల గీతలా కనిపిస్తుంది. సందుల్లో నీళ్ళు కూడా గాలి కొట్టి తీయాలి. సైడ్ మిర్రర్ కింద, హెడ్‌ల్యాంప్ పక్కన దాక్కున్న నీళ్ళు ఫిల్మ్ వేసేటప్పుడు కారుతూ వచ్చి మురికిని లోపలికి లాక్కొస్తాయి.

ఇప్పుడు డబ్బు లెక్క చూడండి. ఫిల్మ్ వేసిన కొత్తలో నీటి బుడగలు ఉంటాయి, అవి కొన్నాళ్ళకి వాటంతటవే పోతాయి. దుమ్ము రేణువు మీద లేచిన బుడిపె మాత్రం పోదు. అది పోవాలంటే ఆ ప్యానెల్ ఫిల్మ్ పీకి పారేయాలి, ఒకసారి పీకిన ఫిల్మ్ మళ్ళీ అంటించడానికి పనికిరాదు. వారంటీ కార్డ్ చదవండి, పసుపెక్కడం, పగుళ్ళు లాంటివి ఉంటాయి, కింద ఉండిపోయిన దుమ్ము గురించి ఉందేమో వెతకండి. అంటే ఆ 95 వేల షాపులో మీకు మిగులుతున్నట్టు కనిపించే 43 వేలు అసలు మిగులు కాదు, ఆ షాపు రిస్క్ మొత్తం మీ నెత్తిన వేసుకోవడం. పైగా మీ కారు మీద సెరామిక్ ఉంది, సెరామిక్ అంటేనే ఏదీ అంటుకోకుండా ఉండటానికి వేసేది, దాని మీద ఫిల్మ్ జిగురు సరిగ్గా పట్టదు, కాబట్టి పాలిష్ చేసి దాన్ని తీసేయాల్సిందే. షోరూమ్‌లో కట్టిన 15 వేలు అక్కడితో సరి, దాని గురించి బాధపడి ఇంకో తప్పు నిర్ణయం తీసుకోకండి. ఇంకా ఎవరైనా చదువుతుంటే, డెలివరీ రోజు షోరూమ్ వాళ్ళు అంటగట్టే కోటింగ్‌లకి సంతకం పెట్టేముందు ఫిల్మ్ వేయించే ఆలోచన ఉందా లేదా తేల్చుకోండి, వేయిస్తే ముందు ఫిల్మ్, కావాలంటే దాని మీద కోటింగ్.

అలాగని ఆ 18 వేలు కళ్ళు మూసుకుని ఇచ్చేయమని కాదు. ఆ లైన్‌లో ఏమేం ఉన్నాయో విడివిడిగా రాసిమ్మనండి. 7 నెలల కారుకి మూడు స్టేజీల పెయింట్ కరెక్షన్ (గీతలు పోయేలా పాలిష్ పట్టడం) దేనికి? కంపెనీ పెయింట్ మొత్తం మందం సుమారుగా 100 నుంచి 140 మైక్రాన్లు, అందులో పైనుండే క్లియర్ కోట్ (రంగు మీది పారదర్శక పొర) 40, 50 ఉంటే ఎక్కువ. గట్టిగా కాంపౌండ్ (గరుకు పాలిష్) కొట్టిన ప్రతిసారీ అందులోంచే అరుగుతుంది, అది తిరిగి రాదు. ఫోన్ టార్చ్ పెట్టి చూస్తే సాలెగూడులా కనిపించే సన్న గీతలకి, మీ సెరామిక్ తీయడానికి, మామూలుగా ఒక్క స్టేజ్ పాలిష్ సరిపోతుంది. పాలిష్‌కి ముందు మందం మీటర్ పెట్టి చూపించమనండి. మీటర్ లేదన్నారంటే ఇంకో షాపు చూసుకోండి.

ఇక ఫిల్మ్. జీతంలో 33,650 అద్దెకీ ఈఎంఐకే పోతోంది, అంటే సగం కంటే ఎక్కువ. మీ లక్షన్నర ఎఫ్‌డీ ఉద్యోగం పోతే మూడు నెలలు కూడా సరిగ్గా లాగదు, దాన్ని బ్రేక్ చేసి కారుకి ప్లాస్టిక్ చుట్టడం నాకు నచ్చదు, పెనాల్టీ కోత అదనం. కార్డ్ అంటారా, 1,38,000 మీద నెలకి దాదాపు 6,750, రెండేళ్ళకి కట్టేది 1,62,000, ఆ వడ్డీ మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు వేరే. మీకు మిగిలేదే 8, 9 వేలు! మధ్యలో ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చి హాస్పిటల్‌కి వెళ్తే కార్డ్ మినిమమ్ డ్యూ దగ్గరే ఆగిపోతారు.

రాళ్ళు తగిలేది ఎక్కువగా ముందు భాగానికే. ఓఆర్ఆర్ మీద టిప్పర్ వెనక వెళ్ళినోళ్ళకి చెప్పక్కర్లేదు. బంపర్, బానెట్, ఫెండర్లు, మిర్రర్లు, ఇంతవరకే ఫిల్మ్ వేయించండి, 42,000. ప్రిపరేషన్ ఆ ప్యానెల్స్ వరకే చేయమని రేటు మాట్లాడండి, 6 వేలకి కాస్త అటూఇటూగా ఒప్పుకుంటే మంచి బేరమే. నెలకి 8 వేల చొప్పున ఆరు నెలల ఆర్‌డీ వేయండి, 48 వేలు చేతిలో ఉంటాయి. రూపాయి అప్పు లేదు.

ఈ ఆరు నెలలు ఎలాగూ ఆగడం మంచిదే. పది రోజుల కింద వేయించిన బంపర్ పెయింట్ ఇంకా పూర్తిగా ఆరలేదు, లోపలి సాల్వెంట్ బయటికి పోవాలి, కనీసం ఒక నెలన్నా గాలి తగలనివ్వాలి. ఇప్పుడే ఫిల్మ్ వేస్తే కింద పొగమంచులా మసకబారొచ్చు, రేపు ఫిల్మ్ పీకేటప్పుడు పెయింట్ కూడా దాంతోపాటే ఊడొచ్చు. ఆ బంపర్ రీపెయింట్ అని స్టూడియోకి ముందే చెప్పి, బిల్లు చూపించండి. ఈలోపు బానెట్ మీద చిన్న రాయి దెబ్బలు పడితే టచప్ బాటిల్‌తో చుక్క పెట్టుకోండి, అదేం పెద్ద ఖర్చు కాదు.

పని ఇచ్చేటప్పుడు ఒక షరతు పెట్టండి: ప్రిపరేషన్ అయ్యాక, ఫిల్మ్ తెరవకముందు నాకు ఫోన్ చేయాలి, నేనొచ్చి చూడాలి అని. ఆ అరగంట లీవ్ పెట్టి అయినా వెళ్ళండి, కవర్ తొడిగిన చెయ్యి మళ్ళీ జరిపి చూడండి. బ్యాలెన్స్ డబ్బు మాత్రం కారు బయటికి తీసి పగటి వెలుతురులో అన్ని మూలలూ చూశాకే. జీఎస్టీ బిల్లులో ఫిల్మ్ రోల్ నంబర్ రాయించుకోండి.

మీ ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్నే, సగం వరకు ఆవిడే కరెక్ట్. చిన్న గీతలకి క్లెయిమ్ వేస్తే కంపల్సరీ డిడక్టిబుల్ 1,000 (1500 సీసీ దాటితే 2,000) మీ జేబులోంచే, జీరో డెప్ (తరుగు కోత లేకుండా ఇచ్చే అదనపు కవర్) లేకపోతే పెయింట్ మెటీరియల్ ఖర్చులో సగం కోత, ఆ పైన 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరగాల్సిన నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అందుకే ఇలాంటి వాటికి ఇన్సూరెన్స్ జోలికి వెళ్ళకుండా ఒక ప్యానెల్ పెయింట్ చేతి డబ్బుతో వేయించుకోవడమే చౌక, కొన్ని వేలతో పోతుంది. ఆ లెక్కన చూస్తే 1,38,000 పెట్టి ఫుల్ బాడీ వేయించడం ఏ రకంగానూ డబ్బు పరంగా గిట్టుబాటు కాదు, సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడు మీటర్ పెట్టి ఒరిజినల్ పెయింటా కాదా అని చూస్తాడు గానీ ఫిల్మ్‌కి లక్ష ఎక్కువ ఇవ్వడు. అది ముచ్చట, ముచ్చటకి 48 వేలు నేను ఓకే అంటాను. వేయించాక మాత్రం పాలసీ రెన్యువల్‌లో దాన్ని యాక్సెసరీ కింద చూపించాలా అని మీ కంపెనీని అడిగి, ఒప్పుకుంటే రాయించండి, లేకపోతే బానెట్ మార్చాల్సి వచ్చినప్పుడు బానెట్‌కి డబ్బులొస్తాయి, దాని మీది ఫిల్మ్‌కి రావు.