బాల్ వదలని పిల్లాడికి మందు

అన్నా, మీ అండర్-13 ఫుట్‌బాల్ కుర్రాడు ముగ్గుర్ని దాటేసి నాలుగోవాడికి బాల్ అప్పగిస్తున్నాడని కోచ్ బెంచీ ఎక్కించాడన్నారు కదా. ఆ డ్రిబ్లింగ్, అదే బాల్‌ని కాలితో తోసుకుంటూ ఎదుటివాళ్లని దాటేయడం, దాన్ని మాత్రం చంపకండి. పాస్ ఎప్పుడైనా నేర్పొచ్చు, ఆ ధైర్యం నేర్పలేం.

1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన మన ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ (సయ్యద్ అబ్దుల్ రహీం) హైదరాబాద్‌లోనే డ్రిబ్లింగ్ లేని పోటీలు, బలం తక్కువున్న కాలితోనే ఆడే పోటీలు పెట్టించేవారు. అదే పట్టుకోండి. వారంలో ఒకరోజు చిన్న గ్రౌండ్, అటు నలుగురు, ఇటు నలుగురు, రెండే టచ్‌లు, అంటే బాల్ వచ్చిన ప్రతిసారీ రెండుసార్లే తాకి వదిలేయాలి. బాల్ రాకముందే భుజం మీదుగా వెనక్కి చూశాడా లేదా, అదొక్కటే లెక్కపెట్టండి. మావాడు మొదటిరోజు ఒక్కసారీ చూళ్లేదు!

అవతలి గోల్ దగ్గర ఎన్ని టచ్‌లైనా ఆడనివ్వండి. సొంత గోల్ ముందు డ్రిబుల్ చేస్తే మాత్రం అరవండి, నేనూ అరుస్తా.