మెయిల్ చూపించిన దారిన పోవద్దు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కొత్తగా మెయిల్ అకౌంటు తెరిచావో లేదో చెత్త మెయిళ్లు మొదలయ్యాయని, వాటిలో ఏది నిజమో ఏది మోసమో గుర్తుపట్టడం ఎలాగని అడిగావు. ఇదివరకైతే తేలికగానే చెప్పేవాళ్లు: అక్షరదోషాలు చూడు, "ప్రియమైన కస్టమర్" అని మొదలైతే అనుమానించు, లోగో మసకగా ఉందేమో గమనించు అని. ఆ గుర్తులకు కాలం చెల్లింది. ఇప్పుడు దొంగ మెయిల్‌ను ఏఐతో రాయిస్తున్నారు, భాషలో తప్పు దొరకదు. లోగో అసలు సైటు నుంచే తెచ్చి అతికిస్తారు. ఎంత తేరిపార చూసినా తేలని మెయిల్ ఏదో ఒక రోజు నీకూ వస్తుంది. ఆ రోజు నిన్ను కాపాడేది నీ చూపు కాదు, అలవాటు.

ఆ అలవాటు ఏమిటంటే, మెయిల్ ఏ పని చెయ్యమన్నా సరే, ఆ పని మెయిల్‌లోంచి చెయ్యకపోవడం. "మీ ఖాతా నిలిపివేశాం, ఇక్కడ నొక్కండి" అని వచ్చిందనుకో. నొక్కకు. ఇంకో ట్యాబ్ తెరిచి బ్యాంకు అడ్రసు నువ్వే టైపు చెయ్యి, లేదా ముందే దాచుకున్న బుక్‌మార్క్‌తోనో బ్యాంకు యాప్‌తోనో లోపలికి వెళ్లు. ఖాతా నిజంగానే ఆగిపోయి ఉంటే అక్కడా కనిపిస్తుంది. అక్కడ ఏమీ లేకపోతే మెయిల్‌ను నమ్మాల్సిన పని లేదు. సైటు పేరు సెర్చ్ చేసి వెళ్లడం కూడా అంత మంచిది కాదు, ఫలితాల్లో పైన వచ్చే ప్రకటనల్లో నకిలీలు దూరుతుంటాయి.

2016 మార్చిలో హిల్లరీ క్లింటన్ ఎన్నికల ప్రచారానికి అధ్యక్షుడిగా ఉన్న జాన్ పొడెస్టాకు, మీ పాస్‌వర్డ్ ఎవరి చేతికో చిక్కింది, వెంటనే మార్చుకోండి అని గూగుల్ పేరుతో ఒక మెయిల్ వచ్చింది. ఆయన కార్యాలయం వాళ్లు తొందరపడలేదు, సాంకేతిక సిబ్బందిని అడిగారు. పాస్‌వర్డ్ మార్చాల్సిందేనని చెబుతూ సిబ్బంది గూగుల్ వారి అసలు లింకు కూడా పంపారు. చివరికి నొక్కింది మాత్రం దొంగ మెయిల్‌లో ఉన్న లింకునే. వేల కొద్దీ మెయిళ్లు బయటపడ్డాయి. ఇక్కడ అడగడమూ జరిగింది, సరైన లింకూ చేతికి వచ్చింది. అయినా కళ్లముందున్న బటన్‌నే నొక్కారు.

పంపినవారి పేరును ఎందుకు నమ్మకూడదో కూడా తెలుసుకో. మెయిల్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు వెళ్లే పద్ధతిని ఎస్‌ఎమ్‌టీపీ అంటారు. 1982లో దానికి నియమాలు రాసినప్పుడు, పంపేవాడు చెప్పిన పేరు నిజమా కాదా అని సరిచూసే ఏర్పాటు పెట్టలేదు. అందుకే ఎవరైనా ఏ పేరైనా రాసుకోవచ్చు. ఫోన్‌లో ఇంకా ఇబ్బంది. అక్కడ పేరు మాత్రమే కనిపించి అసలు అడ్రసు దాక్కుంటుంది, పేరు మీద నొక్కితే గానీ బయటికి రాదు. మెయిల్‌కు జవాబు రాసేటప్పుడు "టు" గడిలో ఏ అడ్రసు వచ్చిందో కూడా చూడు. వచ్చింది ఒక అడ్రసు నుంచి, జవాబు పోయేది ఇంకో అడ్రసుకు అయితే అక్కడే ఆగు.

ఈ లోపానికి తర్వాత వేసిన అతుకులు మూడు, మెయిల్ నిజంగా ఆ డొమైన్ (అడ్రసులో @ గుర్తు తర్వాత ఉండే పేరు) నుంచే వచ్చిందా అని సరిచూసే పరీక్షలు: ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరిచి, మెయిల్ పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్" అంటే పైన ఈ మూడూ పాస్ అయ్యాయో ఫెయిల్ అయ్యాయో కనిపిస్తుంది. బాగా తెలిసిన సంస్థ పేరుతో వచ్చిన మెయిల్‌లో డీమార్క్ ఫెయిల్ అని ఉంటే ఇక చదవనక్కర్లేదు. కానీ పాస్ అని ఉందని నమ్మేస్తావేమో, అందుకే చెబుతున్నా. మెయిల్ ఆ డొమైన్ నుంచే వచ్చిందని మాత్రమే దాని అర్థం. ఆ డొమైన్ మంచివాళ్లదని కాదు. మోసగాడు తన సొంత డొమైన్ కొనుక్కుని మూడూ సక్రమంగా పెట్టుకోవచ్చు. నీ స్నేహితురాలి అకౌంటును ఎవరైనా దొంగిలించి అందులోంచి రాసినా మూడూ పాస్ అవుతాయి.

ఇక లింకుల సంగతి కాస్త వివరంగా రాస్తాను, ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. కంప్యూటర్‌లో లింకు మీద మౌస్ పెట్టి నొక్కకుండా ఆగితే, బ్రౌజర్ కింద మూలన అసలు అడ్రసు కనిపిస్తుంది. ఫోన్‌లో లింకు మీద వేలు అదిమి పట్టుకోవాలి. కనిపించిన అడ్రసును ఎడమ నుంచి చదవకు. మొదట్లో ఉండే రెండు స్లాష్‌లు (//) దాటాక వచ్చే మొదటి స్లాష్ ఎక్కడుందో చూడు. అక్కడి నుంచి వెనక్కి, అంటే ఎడమ వైపుకు చదువు. చివరి రెండు ముక్కలే యజమాని పేరు. "మెయిల్.గూగుల్.కామ్" గూగుల్‌ది. "గూగుల్.కామ్.లాగిన్-చెక్.నెట్" మాత్రం లాగిన్-చెక్.నెట్ అనేవాడిది, ముందున్న గూగుల్ అన్నది వాడు తగిలించుకున్న పేరు, అంతే. కో.యూకే లాంటి ముగింపులున్నచోట చివరి మూడు ముక్కలు చూడాలి.

అంత జాగ్రత్తగా చదివినా కన్ను మోసపోయే సందర్భాలున్నాయి. ఇంగ్లిష్‌లో ఆర్, ఎన్ చిన్న అక్షరాలు పక్కపక్కన పెడితే ఎమ్‌లా కనిపిస్తాయి. రష్యన్ లిపిలోని "అ" అక్షరం ఇంగ్లిష్ "ఎ" లాగే ఉంటుంది, తెరమీద తేడా పట్టుకోలేవు. ఇక్కడ పాస్‌వర్డ్ మేనేజర్, అంటే పాస్‌వర్డ్‌లు దాచి తానే నింపే యాప్, నీకంటే తెలివైనది. అది బొమ్మ చూడదు, అడ్రసును అక్షరం అక్షరం సరిపోల్చుకుంటుంది. ఎప్పుడూ తానే పాస్‌వర్డ్ నింపే మేనేజర్ ఈసారి నింపకుండా ఊరుకుందంటే, నువ్వు కాపీ చేసి నింపబోకు. ఆగి, అడ్రసు మళ్లీ చూడు. అడ్రసు పక్కన తాళం బొమ్మ ఉందిగా అంటారు కొందరు. మధ్యలో ఎవరూ చదవలేరని మాత్రమే తాళం చెబుతుంది, అవతల ఉన్నది ఎవరో చెప్పదు. దొంగ సైట్లకూ తాళం ఉంటుంది. మెయిల్‌లో క్యూఆర్ కోడ్ పెట్టి స్కాన్ చెయ్యమంటే అదీ లింకే. చెత్త మెయిళ్లను పట్టే ఫిల్టర్ కన్ను కప్పడానికి, నిన్ను కంప్యూటర్ నుంచి ఫోన్‌కు మళ్లించడానికి అలా బొమ్మలో దాస్తారు.

అటాచ్‌మెంట్లకు నీ కోసం ఒక్కటే నియమం: ఎదురుచూడనిది తెరవకు. తెరవక తప్పదనుకుంటే డౌన్‌లోడ్ చెయ్యకుండా వెబ్‌మెయిల్‌లోనే, అంటే బ్రౌజర్‌లో తెరిచిన మెయిల్‌లోనే ప్రివ్యూ చూడు. విండోస్ ఫైలు పేరు చివరి భాగాన్ని దాచిపెడుతుంది కాబట్టి "బిల్లు.పీడీఎఫ్" అని కనిపించేది నిజానికి "బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్ఈ" కావచ్చు, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రామ్. హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలు, అంటే వెబ్ పేజీ, పంపితే అది తెరవగానే లాగిన్ పేజీలా కనిపించి పాస్‌వర్డ్ అడుగుతుంది. జిప్ ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ను అదే మెయిల్‌లో రాశారంటే రహస్యం కోసం కాదు, వైరస్ స్కానర్ లోపలికి తొంగిచూడకుండా. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు "ఎనేబుల్ కంటెంట్" నొక్కమంటే నొక్కవద్దు.

స్పామ్, అంటే చెత్త మెయిల్, వస్తే ఊరికే డిలీట్ చెయ్యకు, "రిపోర్ట్ స్పామ్" నొక్కు. డిలీట్ చేస్తే ఫిల్టర్‌కు తెలిసేది ఏమీ లేదు. జవాబు మాత్రం ఇవ్వకు, తిట్టడానికైనా సరే. ఈ అడ్రసులో మనిషి ఉన్నాడని తెలిస్తే చాలు, అడ్రసులు అమ్ముకునేవాళ్ల దగ్గర దాని ధర పెరుగుతుంది. చాలా మెయిళ్లలో కంటికి కనపడనంత చిన్న బొమ్మ ఉంటుంది, ఒక పిక్సెల్ వెడల్పు, ఒక పిక్సెల్ ఎత్తు. నువ్వు మెయిల్ తెరవగానే అది సర్వర్ నుంచి వచ్చి, తెరిచావన్న కబురు పంపినవాడికి చేరుస్తుంది. జీమెయిల్ సెట్టింగ్స్‌లో "జనరల్" కింద "ఇమేజెస్" దగ్గర, బయటి బొమ్మలు చూపించే ముందు అడగమని పెట్టుకో. మెయిళ్లు కాస్త వెలవెలబోతాయి, పోనీ.

అన్‌సబ్‌స్క్రైబ్ విషయంలో మనిషికొక మాట చెబుతారు. నా లెక్క ఇది: నువ్వే అడ్రసు ఇచ్చిన షాపో పత్రికో అయితే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కు, అదీ మెయిల్ అడుగున ఉన్నది కాకుండా పైన పంపినవారి పేరు పక్కన వెబ్‌మెయిల్ చూపించేది. జీమెయిల్‌కు రోజుకు 5000 మెయిళ్లకు మించి పంపే వ్యాపార సంస్థలు ఒక్క నొక్కుతో వదిలించుకునే వీలు ఇవ్వాలని 2024లో నిబంధన వచ్చింది, యాహూ కూడా ఇలాంటిదే పెట్టింది. ముక్కూ మొహం తెలియనివాళ్లదైతే మాత్రం స్పామే. రిజిస్ట్రేషన్లకు, కూపన్లకు వేరే అడ్రసు ఒకటి పెట్టుకుంటే అసలు అడ్రసు శుభ్రంగా ఉంటుంది. జీమెయిల్‌లో స్పామ్ ఫోల్డర్ 30 రోజులకు దానంతటదే ఖాళీ అవుతుంది. అందులో అప్పుడప్పుడు మంచి మెయిళ్లు కూడా చిక్కుకుంటాయి కాబట్టి వారానికోసారి తొంగిచూడు.

భయపెట్టే మెయిల్ ఒకటి ఎప్పుడో ఒకప్పుడు నీకు తప్పకుండా వస్తుంది. నీ అడ్రసు నుంచే నీకు వచ్చినట్టు ఉంటుంది. సబ్జెక్టులో నీ పాత పాస్‌వర్డ్ ఉంటుంది. నీ కెమెరాలో నిన్ను రికార్డు చేశాం, బిట్‌కాయిన్లు పంపకపోతే అందరికీ పంపుతాం అంటారు. కాళ్లు వణుకుతాయి, సహజం. కానీ ఆ పాస్‌వర్డ్ ఏదో ఒక సైటు నుంచి ఎప్పుడో లీకైన జాబితాలోది, అదే మెయిల్ ఆ జాబితాలోని వాళ్లందరికీ వెళ్లింది. డబ్బు పంపకు, జవాబివ్వకు. ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే ఈ రోజే మార్చు. కంప్యూటర్ భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ 2013లో పెట్టిన "హ్యావ్ ఐ బీన్ పోన్డ్" సైటులో నీ మెయిల్ అడ్రసు ఇస్తే ఏయే లీకుల్లో అది ఉందో చూపిస్తుంది.

ఇంకోటి నిశ్శబ్దంగా వస్తుంది: "మా బ్యాంకు ఖాతా మారింది, ఈ నెల నుంచి ఇందులో వెయ్యండి." లిథువేనియాకు చెందిన ఒకతను గూగుల్, ఫేస్‌బుక్‌లతో వ్యాపారం చేసే హార్డ్‌వేర్ కంపెనీ పేరుతో దొంగ బిల్లులు పంపి, 2013 నుంచి 2015 దాకా ఆ రెండు సంస్థల నుంచి 10 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. 2019లో అతనికి అయిదేళ్ల జైలు పడింది. అంతటి సంస్థలే చెల్లించాయంటే చూడు. ఖాతా నంబరు మారిందని మెయిల్ వస్తే, నీ దగ్గర పాతగా ఉన్న నంబరుకు ఫోన్ చేసి నోటిమాటగా అడుగు. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు. అసలు లింకే లేకుండా, "మీ కార్డు నుంచి ఇంత కట్ అయింది, మీరు కాకపోతే ఈ నంబరుకు కాల్ చెయ్యండి" అని వచ్చే బిల్లులకూ ఇదే మాట. ఫోన్ చేస్తే నీ కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే యాప్ వేయిస్తారు.

అకౌంటును గట్టి చేసుకోవడం ఎంత ముఖ్యమంటే, నీ మిగతా అకౌంట్లన్నిటికీ ఇది తాళాల గుత్తి. "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని ఎక్కడ నొక్కినా లింకు వచ్చేది ఇక్కడికే. అందుకని మెయిల్ పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడకు. రెండో అంచె భద్రత పెట్టుకో. ఎస్‌ఎమ్‌ఎస్ ఓటీపీ ఏమీ లేకపోవడం కంటే నయం, యాప్‌లో వచ్చే కోడ్ అంతకంటే నయం. కానీ రెండింటినీ దొంగ పేజీ నీతోనే టైపు చేయించి, గడువు తీరేలోపు అసలు సైటులో వాడేస్తుంది. పాస్‌కీ, అంటే పాస్‌వర్డ్ బదులు నీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో దాగి వేలిముద్రతోనో పిన్‌తోనో పనిచేసే తాళంచెవి, ఆ పప్పులు ఉడకనివ్వదు. ఏ సైటుకు తయారైందో ఆ సైటులోనే పనిచేస్తుంది కాబట్టి దొంగ పేజీకి ఇవ్వాలన్నా ఇవ్వలేవు. వీలైతే అదే పెట్టుకో. గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి దాచు, ఫోన్ పోయిన రోజు పనికొస్తాయి.

ఇంత చెప్పినా ఎప్పుడో పొరపాటున పాస్‌వర్డ్ ఇచ్చేశావనుకో. వేరే పరికరంలోంచి అసలు సైటుకు వెళ్లి పాస్‌వర్డ్ మార్చు, మిగతా పరికరాలన్నిటి నుంచీ సైన్ అవుట్ చెయ్యి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, దొంగ లోపలే ఉండిపోతాడు. వచ్చినవాడు మొదట చేసే పని ఫార్వర్డింగ్ పెట్టుకోవడం, లేదా "బ్యాంకు" అన్న మాట ఉన్న మెయిళ్లను నీకు కనపడకుండా ట్రాష్‌లోకి పంపే ఫిల్టర్ రాయడం. పాస్‌వర్డ్ మార్చినా అవి పోవు. సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడు. రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ నీవేనా చూడు. నీ మెయిల్ చదివే అనుమతి ఏ యాప్‌లకు ఉందో చూసి, తెలియనివి తీసెయ్యి. కంప్యూటర్‌లో జీమెయిల్ పేజీ కింద కుడివైపు "డీటెయిల్స్" నొక్కితే ఇటీవల ఎక్కడెక్కడి నుంచి తెరిచారో ఉంటుంది. డబ్బు పోయి ఉంటే వీటన్నిటికంటే ముందు బ్యాంకుకు ఫోన్ చెయ్యి, గంటలు గడిచే కొద్దీ వెనక్కి రాబట్టడం కష్టమవుతుంది. ఆ తర్వాత కొన్ని రోజులకు, పోయిన మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ముందు కొంచెం ఫీజు కట్టండి అంటూ ఇంకో మెయిల్ రావచ్చు. మోసపోయినవాళ్ల జాబితాలు కూడా అమ్ముడవుతాయి. దాన్నీ స్పామ్‌లో వెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న